వేలికొనకు తెలియనిది తీగ చెబుతుంది

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. పగిలిన గాజు తగిలి ఎడమచేతి ఉంగరపు వేలి టెండాన్ (వేలిని వంచే తాడులాంటి నరంకాని కండరపు పోగు), దాని పక్కనున్న నరం తెగాయి. రెండూ కుట్టారు. పద్నాలుగు వారాలయ్యాక ఇప్పుడు వాయించవచ్చని శస్త్రవైద్యురాలు చెప్పారు. కానీ వేలికొన మొద్దుబారి ఉంది, స్వరం ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. పాత వేగం ఎప్పటికి వస్తుంది? రెండు నెలల్లో కచేరీ ఉంది, ఒప్పుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ‘పాత వేగం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. చాలా ఏళ్ల కిందట నా ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పిన సాయంత్రమే వయొలిన్ తీసి, బాగా వచ్చిన వర్ణాన్ని గంటసేపు వాయించాను. వాయిస్తున్నంతసేపూ నొప్పి లేదు. తెల్లవారేసరికి చేయి వాచిపోయింది, మళ్లీ కమాను పట్టడానికి నెల పట్టింది. మెదడుకు గుర్తున్నది విరగకముందు చేయి, దానికే ఆజ్ఞలిస్తుంది. అందుకే మొదటి నెల మీకు కంఠతా వచ్చినవేవీ ముట్టుకోకండి. వాటిలో వేళ్లు వాటంతటవే పరుగెత్తుతాయి.

కుట్టిన నరం మొదట కొన్ని వారాలు ఆగి, ఆ తర్వాత రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. తెగినచోటు నుంచి వేలికొన వరకు స్కేలుతో కొలుచుకోండి, ఆలస్యం ఎందుకో మీకే అర్థమవుతుంది.

అందాకా స్వరం ఎక్కడ పడుతోందో కనిపెట్టే పని చెవికి అప్పగించండి. మంద్ర పంచమం తీగ (లావు తీగ వైపు నుంచి రెండోది) మీద ఆ వేలితో షడ్జం, అంటే ‘స’, పట్టండి. శ్రుతి కచ్చితంగా కలిస్తే పక్కనున్న షడ్జం తీగ ఎవరూ ముట్టకుండానే కంపిస్తుంది. వేలు వెంట్రుకవాసి జరిగినా ఆ కంపనం సన్నగిల్లుతుంది. గాయమేమీ లేని విద్యార్థుల చేత కూడా నేను ఇది చేయిస్తాను, నాకు అంత నమ్మకం దీని మీద.

ఇక ఒత్తిడి. స్పర్శ లేని వేలు భయంతో గట్టిగా నొక్కుతుంది. వేలిని తీగకు ఊరికే ఆనించి కమాను లాగండి, గరగరమనే శబ్దమో సన్నని ఈలో వస్తుంది. లాగుతూనే కొద్దికొద్దిగా బరువు పెంచి, స్వరం తేటపడిన చోట ఆగండి. ఆ వేలికి అంత బరువు చాలు.

పూటకు అయిదు నిమిషాలు, రోజుకు రెండు పూటలు. అసలు పరీక్ష జరిగేది మర్నాటి ఉదయం: వేలు బిగుసుకున్నా వాచినా సమయం తగ్గించండి, లేకపోతే రెండు నిమిషాలు కలపండి. ఈ లెక్క మీ ఫిజియోథెరపిస్టుకు చూపించి వారు మార్చమంటే మార్చండి. వేలిలో ఏదో పుటుక్కుమని, వంగడం మానేస్తే మాత్రం ఆ రోజే శస్త్రవైద్యురాలి దగ్గరికి వెళ్లాలి.

వేలు పూర్తిగా తిరిగి రాకపోతే? మీరు అడగలేదు గానీ, ఉత్తరం నిండా ఆ భయమే ఉంది. గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్‌కు 1928లో అగ్నిప్రమాదం వల్ల ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. చూపుడు వేలు, మధ్య వేలు ఆధారంగా తన వాయించే పద్ధతిని కొత్తగా నిర్మించుకున్నాడు. మన కర్ణాటక బాణీలో గమకాల (స్వరాన్ని ఊపే, జార్చే పద్ధతుల) భారం ఎక్కువగా మోసేవి కూడా ఆ రెండు వేళ్లే. మీకు అవి చెక్కుచెదరలేదు.

కచేరీకి ఇప్పుడు మాట ఇవ్వకండి. రోజూ అరగంట వాయించాక కూడా వారం పాటు ఉదయాన్నే వేలు హాయిగా మడవగలిగితే అప్పుడు ఆలోచించండి. రెండు నెలల్లో అది జరగకపోవచ్చు. నిర్వాహకులకు ఈ వారమే చెప్పేయండి, వారికీ మరొకరిని చూసుకునే వ్యవధి ఉంటుంది.