జింక జాడ పట్టుకుని వెనక్కి నడవండి

ప్రశ్న: అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటాం. మంచు కురిసిన మర్నాడు దగ్గర్లోని స్టేట్ పార్కులో జింక అడుగులు వరసగా కనిపిస్తాయి. క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఆ జాడ వెంట వెళ్లాలనుంది. ఎటు వెళ్లిందో, అడుగులు కొత్తవో పాతవో ఎలా పోల్చుకోవాలి?

జవాబు: మీ దగ్గర తిరిగేది తెల్లతోక జింక. గిట్ట ముద్ర 2 నుంచి 3 అంగుళాల పొడవుంటుంది, తమలపాకును నిలువునా చీల్చి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టినట్టు. కొన ఎటుంటే జింక అటు వెళ్లింది. లోతు మంచులో ఆకారం చెదిరి ఉత్త గుంటే మిగులుతుంది. అప్పుడు చెయ్యి పెట్టి అడుగున తడమండి, రెండు పాయలూ వేళ్లకు తగులుతాయి. కాలెత్తినప్పుడు చిమ్మిన మంచుపొడి కూడా ముందువైపే పడుతుంది.

గిట్ట వెనక రెండు చుక్కలు పడితే మగజింక అని చాలామంది అంటారు. అది నిజం కాదు. మంచులో దిగబడినా, పరుగెత్తినా ఆడజింకకూ ఆ చుక్కలు పడతాయి. కాళ్లు ఈడ్చిన గీతలూ అంతే.

కొత్తదా పాతదా తేల్చాలంటే మంచు ఎప్పుడు ఆగిందో ముందు తెలుసుకోండి. రాత్రి 10కి ఆగిందనుకుంటే, లోపల కొత్త మంచు పడని ముద్ర ఆ తర్వాతదే. ఇక అంచును వేలితో నొక్కండి. ఇప్పుడే పడిందైతే పొడిగా రాలిపోతుంది. కదిలిన మంచు కొన్ని గంటల్లో బిగుసుకుంటుంది కాబట్టి పాతదైతే గట్టిగా తగులుతుంది. ఎండ పడేచోట మాత్రం మోసపోతారు. అంచులు కరిగి ముద్ర వెడల్పవుతుంది, మామూలు జింకది కూడా జింక జాతిలో అతి పెద్దదైన మూస్‌దిలా కనబడుతుంది. అందుకే కొలత ఎప్పుడూ చెట్టు నీడలో ఉన్న ముద్రకే తీసుకోండి.

నిదానంగా నడిచే జింక ముందుకాలు పెట్టిన గుంటలోనే వెనకకాలు వేస్తుంది. అందుకే జాడ రెండుకాళ్ల జంతువు నడిచినట్టుంటుంది. అదే జాడ ఉన్నట్టుండి నాలుగేసి ముద్రల గుంపులుగా, మధ్య పెద్ద పెద్ద ఖాళీలతో మారితే జింక బెదిరి దూకిందన్నమాట. జాడ తాజాదైతే బెదిరింది మీకే కావచ్చు. అక్కడే ఆగిపోండి.

అసలు మా సలహా, జాడను వెనక్కి, అంటే జింక వచ్చిన వైపుకి, పట్టుకుని వెళ్లమనే. చలికాలంలో దానికి మేత తక్కువ. ఆకురాలు కాలంలో ఒంట్లో పట్టిన కొవ్వుతోనే వసంతం దాకా నెట్టుకురావాలి. లోతు మంచులో తరిమిన ప్రతిసారీ ఆ కొవ్వు కరిగిపోతుంది. వెనక్కి వెళ్తే జింకను కదపకుండానే అది రాత్రంతా ఏం చేసిందో పిల్లలకు చూపించవచ్చు. పడుకున్నచోట మీటరు పొడవున కోలగా గుంట ఉంటుంది. ఒంటి వేడికి కరిగి మళ్లీ గడ్డకట్టడంతో దాని అడుగు నున్నగా ఉంటుంది, వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. దారిలో కొరికిన రెమ్మలనూ చూడండి. జింకకు పైదవడ ముందుపళ్లు లేవు, అందుకే రెమ్మను లాగి తెంపుతుంది, కొస పీచుపీచుగా మిగులుతుంది. కత్తితో ఏటవాలుగా కోసినంత శుభ్రంగా ఉంటే అది కుందేలు పని.

సెడార్ చెట్ల గుబురులో జాడలన్నీ కలిసి తొక్కుడు బాటలయితే అది వాటి చలికాలపు మకాం. లోపలికి వెళ్లకండి.

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం 2 కల్లా వెనుదిరగండి. గాలి లేస్తే మీ అడుగులే పూడిపోతాయి, వాటిని నమ్ముకుని వెళ్లవద్దు. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి లోపలి జేబులో పెట్టుకోండి. ఆ రోజుల్లో వేటకు అనుమతి ఉందేమో పార్కు ఆఫీసులో కనుక్కుని, అందరికీ నారింజరంగు జాకెట్లు వెయ్యండి.

ప్రశ్న: జాడ గడ్డకట్టిన చెరువు మీదుగా వెళ్తే మేమూ దాటవచ్చా?

జవాబు: వద్దు. జింక దాటింది కదా అని నమ్మకండి. అది దాటినచోటికి పది అడుగుల అవతల మంచుగడ్డ పలచగా ఉండవచ్చు. పైన మంచు దుప్పటిలా కప్పేస్తే కింది గడ్డ మందం కావడం కూడా ఆలస్యమవుతుంది. మనిషి నడవాలంటే తేటగా, గట్టిగా ఉన్న కొత్త గడ్డ కనీసం 4 అంగుళాలుండాలి. తెల్లగా బుడగలతో ఉన్నదైతే అంతకు రెట్టింపు కావాలి. డ్రిల్లు పెట్టి అడుగడుగునా కొలిచే వీలు మీకు ఉండదు కాబట్టి ఒడ్డున ఆగి, జాడను మళ్లీ వెనక్కి పట్టుకోండి.