ప్లాంటు నడవకముందే దాన్ని పరీక్షించే ఉద్యోగం: మా అమ్మాయిని చేర్పించవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాము. మా అమ్మాయి ఇక్కడే ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక ఆటోమేషన్ సంస్థ, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాక్టరీల కంట్రోల్ సిస్టమ్‌లను పరీక్షించే విభాగంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ఆ తరువాత ఉద్యోగం ఇస్తామంటోంది. నిజమైన యంత్రం ఒక్కటీ లేకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుకునే ఇలాంటి పనికి భవిష్యత్తు ఉంటుందా? దానికి బదులు రెండు లక్షలు కట్టి ఏఐ, డిజిటల్ ట్విన్ కోర్సులో చేర్పించాలని మేము నిర్ణయించుకున్నాము. రేపు రిఫైనరీలకూ ఫ్యాక్టరీలకూ పంపిస్తే ఆడపిల్ల ఎలా తట్టుకుంటుందన్నది కూడా మా భయం. రెండింటినీ పోల్చి చెప్పగలరు.
— ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు పోలిక అడిగారు గానీ మీ ఉత్తరంలో పోలిక కంటే భయమే ఎక్కువగా కనిపిస్తోంది. పక్క ఫ్లాట్లలోని పిల్లలందరూ ఒకే దారిన పోతూ ఉంటే, బంధువులకు పేరు చెప్పినా అర్థం కాని పనిలో చేరి మన అమ్మాయి వెనకబడిపోతుందేమోనన్న ఈ భయంతో వచ్చే తల్లిదండ్రులను నేను బెంగళూరులో తరచుగా చూస్తూనే ఉంటాను. పని ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి ముందుగా అదే చెబుతాను.

ఒక రిఫైనరీలోనో ఎరువుల కర్మాగారంలోనో కొత్త యూనిట్ కడుతున్నప్పుడు టవర్లు, పంపులు, పైపులు ఒక ఊరిలో నిలబడుతూ ఉంటాయి. వాటిని నడిపించవలసిన కంట్రోల్ ప్రోగ్రామ్ మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో, చాలాసార్లు ఈ బెంగళూరులోనే, తయారవుతూ ఉంటుంది. ఆ ప్రోగ్రామ్‌కు ట్యాంకులో మట్టం ఎంత ఉందో, పైపులో పీడనం ఎంత ఉందో ఎప్పటికప్పుడు తెలియాలి. నిజమైన ప్లాంటులో ఆ సమాచారాన్ని ట్రాన్స్‌మిటర్లనే కొలత పరికరాలు సాధారణంగా 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల విద్యుత్ సంకేతంగా పంపుతాయి. ప్లాంటు ఇంకా లేదు కాబట్టి ఆ విలువలను సిమ్యులేటర్ పంపుతుంది. వాల్వు తెరవమని కంట్రోలర్ ఆదేశిస్తే, తెరుచుకున్నట్లు కొన్ని సెకన్ల తరువాత జవాబిచ్చేది కూడా సిమ్యులేటరే. సాధారణ స్థాయిలో పని ఇంతవరకే ఉంటుంది. అంతకంటే లోతైన స్థాయిలో, ద్రవ్యం, ఉష్ణం ఎంత లోపలికి వచ్చి ఎంత బయటికి పోతున్నాయో సమీకరణాలతో క్షణక్షణమూ లెక్కగట్టే డైనమిక్ మోడల్ ఉంటుంది. అక్కడ ఒక వాల్వు తెరిస్తే దాని ప్రభావం మరో చోట ఉష్ణోగ్రత మీద ఎప్పుడు, ఎంత పడుతుందో కూడా తెలుస్తుంది. సీమెన్స్ వారి సిమిట్, ఎమర్సన్ వారి మిమిక్, హనీవెల్ వారి యూనిసిమ్ ఈ రంగంలో వినిపించే పేర్లు.

మీ అమ్మాయి చేయబోయే పని, ఈ కృత్రిమ ప్లాంటులో కావాలని ప్రమాదాలు తెచ్చి కంట్రోల్ సిస్టమ్ ఎలా స్పందిస్తుందో చూడడం. నడుస్తున్న పంపును ఆపేస్తారు, ట్రాన్స్‌మిటర్ చెడిపోయినట్లు చూపిస్తారు, వాల్వును సగంలో బిగించేస్తారు, కరెంటు తీసేస్తారు. ప్రమాద పరిస్థితిలో యంత్రాన్ని నడవనివ్వని ఇంటర్‌లాక్ పనిచేసిందా, ట్రిప్ కావలసిన యంత్రం ట్రిప్ అయిందా, అంటే తనంతట తానే ఆగిందా, ఒకేసారి వందల అలారమ్‌లు మోగి ఆపరేటర్ తెల్లబోయే పరిస్థితి వస్తుందా అన్నవి ఒక్కొక్కటిగా పరీక్షించి నమోదు చేస్తారు. తరువాత కొనుగోలుదారు తరఫు ఇంజనీర్లు వచ్చి తమ కళ్ల ముందే ఆ పరీక్షలన్నీ మళ్లీ చేయిస్తారు. ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్ అనే ఆ ఘట్టాన్ని ఈ పనిలో ఉన్నవారు క్లుప్తంగా ఫ్యాట్ అంటారు. ఇక్కడ దొరికిన తప్పును సరిచేయడానికి ఒక పూట చాలు. అదే తప్పు నడుస్తున్న యూనిట్‌లో బయటపడితే లక్షల రూపాయల ఉత్పత్తి ఆగుతుంది, లేదా మనుషులు పోతారు.

మనుషులు పోతారన్న మాట మిమ్మల్ని బెదిరించడానికి రాయలేదు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో ఒక యూనిట్‌ను తిరిగి ప్రారంభిస్తుండగా 170 అడుగుల టవర్ ద్రవంతో నిండిపోయింది. లోపల మట్టం 158 అడుగులకు చేరిన సమయంలో కంట్రోల్ రూమ్ తెర మీద ఉన్న సంఖ్య ఎనిమిది అడుగుల లోపే, అది కూడా తగ్గుతున్నట్లుగా ఉంది. ఆ తరువాత జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు. అసాధారణ పరిస్థితులను ఎదుర్కోవడం సాధన చేయడానికి అక్కడి ఆపరేటర్లకు సిమ్యులేటర్ అందుబాటులో లేదన్నది ఆ దేశపు రసాయన భద్రతా బోర్డు దర్యాప్తులో పేర్కొన్న లోపాలలో ఒకటి. మీరు ఆట అనుకున్న పని ఇలాంటి చోట అక్కరకు వస్తుంది.

ఇక భవిష్యత్తు. ప్లాంటు మొత్తాన్ని అనేక కంట్రోలర్ల మధ్య పంచి కంప్యూటర్ల మీద నడిపే డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్‌లు 1975లో, హనీవెల్, యోకొగావా సంస్థలు తమ మొదటి నమూనాలను విడుదల చేసినప్పుడు, మార్కెట్లోకి వచ్చాయి. అప్పటి నుంచి ఎన్నో ప్లాంట్లలో పెట్టిన వ్యవస్థలు ముసలివవుతూనే ఉన్నాయి, వాటిని మారుస్తూనే ఉన్నారు. పాత వ్యవస్థను తీసి కొత్తది పెట్టడానికి ప్లాంటు కొన్ని రోజులో వారాలో మాత్రమే ఆగుతుంది కనుక, కొత్త ప్రోగ్రామ్‌ను ముందుగానే సిమ్యులేటర్ మీద పూర్తిగా పరీక్షించి ఉంచుకోవాలి. కొత్త ఫ్యాక్టరీల మీద మాత్రమే కాక ఈ మార్పిడి పనుల మీద కూడా ఆధారపడిన ఉద్యోగం కాబట్టి ఇది రేపో మాపో మాయమైపోయేది కాదు. హనీవెల్, ఏబీబీ, యోకొగావా వంటి సంస్థలకు బెంగళూరులో కేంద్రాలు ఉన్నాయి. పని కోసం ఊరు వదిలి పోవలసిన అవసరం వెంటనే రాదు.

అయితే ఇబ్బందులు దాచను. మొదటి జీతం చాలా సందర్భాలలో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కంటే తక్కువగా ఉంటుంది. చమురు ధరలు పడిపోయినప్పుడు కొత్త ప్రాజెక్టులు ఆగుతాయి. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా చమురు ధర 2016 ఆరంభంలో ముప్పై డాలర్ల కంటే దిగువకు వచ్చినప్పుడు ప్రపంచమంతటా ఈ రంగం అదే చూసింది. వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: ఎవరో రాసిన పరీక్షల పట్టికలో టిక్కులు పెడుతూ మూడు, నాలుగేళ్లు గడిపేయడం. అలా గడిపినవారికి సాఫ్ట్‌వేర్ మెనూలు వస్తాయి, ప్లాంటు మాత్రం తెలియదు. సిమ్యులేటర్‌లో వాల్వు చెప్పినంత తెరుచుకుంటుంది. నిజమైన వాల్వు అంటుకుపోయి, ఒత్తిడి పెరిగాక ఒక్కసారిగా జారుతుంది. సిమ్యులేటర్‌లో కొలత శుభ్రంగా వస్తుంది. నిజమైన కొలతలో గోల (అర్థం లేని హెచ్చుతగ్గులు) ఉంటుంది, ఆలస్యం ఉంటుంది. తెర మీద చక్కగా ట్యూన్ చేసిన లూప్ (కొలత చూసి వాల్వును సరిచేస్తూ ఉండే ఏర్పాటు) సైట్‌లో ఊగిసలాడడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. మనిషి ఊహించి పెట్టిన లోపాలనే సిమ్యులేటర్ పరీక్షించగలదు. ఊహకు రాని లోపం ప్లాంటులోనే కనిపిస్తుంది. అందుకని మొదటి రెండు, మూడేళ్లలో ఒక్కసారైనా కమిషనింగ్ కోసం, అంటే కట్టిన ప్లాంటును పరీక్షించి నడిపించడం కోసం, సైట్‌కు వెళ్లని సిమ్యులేషన్ ఇంజనీరు ఎదుగుదల మీద నాకు నమ్మకం తక్కువ.

ఇప్పుడు మీ రెండు లక్షల కోర్సు. ఏఐ మీద నాకు వ్యతిరేకత లేదు. 2022లో జపాన్‌లో యోకొగావా, జేఎస్‌ఆర్ సంస్థలు ఒక రసాయన కర్మాగారంలోని డిస్టిలేషన్ కాలమ్‌ను (ద్రవాలను మరిగించి వేరుచేసే టవర్‌ను) 35 రోజుల పాటు ఏఐ చేత నేరుగా నడిపించినట్లు ప్రకటించాయి. అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఏఐని కూడా ప్లాంటుకు తగిలించే ముందు సిమ్యులేటర్ మీదనే తయారు చేశారు. అంటే మీరు వద్దంటున్న పని, మీరు కావాలంటున్న పనికి పునాది. డిజిటల్ ట్విన్ పేరుతో అమ్ముతున్న కోర్సుల విషయంలో నా అనుమానం ఇంకా గట్టిది. నడుస్తున్న ప్లాంటు నుంచి కొలతలు నిరంతరం వస్తూ, వాటితో మోడల్ తనను తాను సరిచూసుకుంటూ ఉంటేనే దాన్ని ట్విన్ అనాలి. నాకు చూపించిన కొన్ని సిలబస్‌లలో ప్లాంటూ లేదు, కొలతలూ లేవు, సమీకరణాలూ లేవు; ముందే తయారుచేసిన డేటా ఫైలు ఒకటి, దాని మీద గీసిన రంగురంగుల డ్యాష్‌బోర్డు ఒకటి, చివర ఒక సర్టిఫికెట్. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంటర్వ్యూలో ఒక ఇంజనీరు ఆ సర్టిఫికెట్ చూసి, ఈ హీట్ ఎక్స్‌ఛేంజర్ మోడల్‌లో నువ్వు ఏమేమి వదిలేశావు, ఎందుకు వదిలేశావు అని అడిగితే జవాబు ఉండదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివిన అమ్మాయి ప్లాంటు మోడలింగ్, పరీక్ష నేర్చుకున్నాక పైథాన్, గణాంకాలు కలుపుకుంటే ఆ రెండూ తెలిసినవారు తక్కువ కాబట్టి నిలబడుతుంది. ఇంజనీరింగ్ పక్కన పెట్టి కోర్సుతో మొదలుపెడితే, అదే కోర్సు చేసిన వేలమందితో పోటీ పడాలి.

ఆ కోర్సులో చేర్చడానికి ఒప్పుకోదగిన సందర్భం ఒకటి ఉంది: అమ్మాయికి నిజంగానే ప్లాంట్ల మీద ఆసక్తి లేకపోతే. కానీ మీ ఉత్తరాన్ని మళ్లీ చదవండి. మేము నిర్ణయించుకున్నాము అని ఉంది, మా భయం అని ఉంది. అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. నాలుగేళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివించి, ఆ చదువుకు సరిగ్గా సరిపడే అవకాశాన్ని తానే సంపాదించుకుని వచ్చిన పిల్లను, పక్కింటివారి మాట మీద వేరే క్లాసులో కూర్చోబెట్టడం న్యాయం కాదు. కటువుగా అనిపిస్తే క్షమించండి, కానీ ఆడపిల్ల తట్టుకుంటుందా అన్న ప్రశ్నను ఆమెను అడగకుండా నన్ను అడగడం సరికాదు.

సైట్ విషయంలో మీ ఆందోళనలో అర్థం లేదని నేను అనను. టౌన్‌షిప్‌కు దూరంగా ఉండే సైట్‌లు ఉంటాయి, ప్లాంటును ప్రారంభించే సమయంలో రాత్రి షిఫ్టులు ఉంటాయి. దానికి మార్గం ఉద్యోగం మానిపించడం కాదు, ముందే అడిగి తెలుసుకోవడం. వసతి ఎక్కడ ఇస్తారు, రాత్రిపూట వాహనం సంస్థదేనా, జట్టులో మరో మహిళ ఉంటుందా, పది మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో 2013 చట్టం ప్రకారం ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందా అని నేరుగా అడగవచ్చు. మంచి సంస్థ ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోదు. రిఫైనరీలలోనూ కంట్రోల్ రూమ్‌లలోనూ మహిళా ఇంజనీర్లు పనిచేస్తూనే ఉన్నారు. మీ అమ్మాయి మొదటి మనిషి కాబోదు.

ఇంటర్న్‌షిప్ ఒప్పుకునే ముందు అమ్మాయి కనుక్కోవలసినవి కొన్ని ఉన్నాయి. కంట్రోల్ సిస్టమ్‌కు పెట్టే పరీక్షలను తానే రూపొందించే అవకాశం ఇస్తారా, ఎవరో రాసినవి నడపడమేనా? మోడల్ కట్టే బృందంతో కూర్చోనిస్తారా? ఫ్యాట్‌లో పాల్గొంటుందా? ఉద్యోగంలో చేరాక ఇన్నేళ్లు మానకూడదన్న బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? చివరి ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాక కాగితం మీదే తీసుకోవాలి.

ఈలోగా రెండు లక్షలు ఖర్చు పెట్టకుండానే నేర్చుకోగలిగినది చాలా ఉంది. డీడబ్ల్యూసిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెస్ ఫ్లోషీట్‌లు (ప్లాంటులో ఏ పదార్థం ఎటు, ఎంత పోతుందో చూపే పటాలు) తయారు చేయడం సాధన చేయవచ్చు. ఐఐటీ బొంబాయివారి ఫాసీ ప్రాజెక్టు దానికి ఉచితంగా పాఠాలు ఇస్తోంది. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ప్రాసెస్ కంట్రోల్ పాఠాలు ఉన్నాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇంకా ఖరారు కాకపోతే, 1993లో డౌన్స్, వోగెల్ అనే ఇంజనీర్లు ప్రచురించిన టెనసీ ఈస్ట్‌మన్ సమస్యను తీసుకోమనండి. 41 కొలతలు, సరిచేయడానికి 12 మీటలు, ముందుగానే అమర్చిన 20 అవాంతరాలు ఉన్న ఆ రసాయన ప్లాంటు మోడల్ మీద ప్రపంచమంతటా విద్యార్థులు, పరిశోధకులు తమ కంట్రోల్ పద్ధతులను నేటికీ పరీక్షించుకుంటున్నారు. ఒక్క అవాంతరాన్ని ఎంచుకుని, తన కంట్రోలర్ దాన్ని ఎలా తట్టుకుందో, ఎక్కడ తట్టుకోలేదో నిజాయితీగా రాసిన ఇరవై పేజీల రిపోర్టు ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ కంటే ఎక్కువ సేపు మాట్లాడిస్తుంది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక కూడా ఆమెకు ఏఐ వైపే మనసు ఉంటే, అప్పుడు ఆ కోర్సు సిలబస్ పంపండి. ఇద్దరం కాదు, అమ్మాయితో కలిసి ముగ్గురం కూర్చుని చూద్దాం.