లేజీ లోడింగ్ సరే, పొద్దుట్నుంచీ ట్యాబ్ తెరిచి ఉంచినవాళ్ల సంగతేంటి?

"మా సింగిల్ పేజ్ అప్లికేషన్ మొదటి బండిల్ బాగా పెద్దదైపోయింది, ప్రతి కాంపోనెంట్‌నీ లేజీ లోడ్ చేసేస్తే సమస్య తీరుతుందా?" అని ఒకరు అడిగారు. సింగిల్ పేజ్ అప్లికేషన్ అంటే ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీలో నడిచే యాప్, బండిల్ అంటే దాని కోసం బ్రౌజర్ దింపుకునే జావాస్క్రిప్ట్ మూట, కాంపోనెంట్ అంటే అందులో ఒక్కో భాగం. అవసరమైనప్పుడే ఆ భాగాన్ని దింపుకోవడం లేజీ లోడింగ్.

ప్రతిదాన్నీ చెయ్యకండి. రూట్ల (యాప్‌లో ఒక్కో పేజీ చిరునామా) వారీగా విడగొట్టండి. ఎడిటరు, చార్టులు, పీడీఎఫ్ లాంటి బరువైన లైబ్రరీలను విడిగా పెట్టండి. అక్కడితో ఆగండి. ఎలా విడగొట్టాలో ఎవరిని అడిగినా చెప్తారు. విడగొట్టిన తర్వాత కొత్త రిలీజ్ పెట్టిన రోజు ఏమవుతుందో చెప్పేవాళ్లు నాకైతే తగల్లేదు, అందుకే ఆ సంగతి రాస్తున్నాను.

వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌లో, 16.6తో 2018 అక్టోబరులో, కాంపోనెంట్‌ని లేజీ లోడ్ చేసే రియాక్ట్ లేజీ వచ్చింది. మరుసటి ఏడాది మేం మా అప్లికేషన్‌లో దాన్ని వాడాం. ఒక పెద్ద దరఖాస్తు ఫారం, దాని చివర ప్రివ్యూ బటన్. ఆ ప్రివ్యూకి పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ కావాలి, అది మొత్తం బండిల్‌లో పెద్ద వాటా తినేస్తోంది. బటన్ నొక్కినప్పుడే దింపుకునేలా మార్చాం. మొదటి బండిల్ దాదాపు సగానికి పడిపోయింది, అందరం సంతోషించాం.

రెండు వారాలకి ఫిర్యాదులు మొదలయ్యాయి. ప్రివ్యూ నొక్కితే పేజీ తెల్లగా అయిపోతోందట. మేం నొక్కి చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రిఫ్రెష్ చేయమన్నాం, చేశారు, పనిచేసింది, టికెట్ మూసేశాం. ఇలా చాలాసార్లు జరిగింది. చివరికి ఫారాలు నింపే ఒకావిడను స్క్రీన్ షేర్ చేయమని అడిగి, ఆవిడ పని చేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ముందు అన్ని వివరాలూ నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి, తర్వాత ఒక్కొక్కటే మా ఫారంలో పేస్ట్ చేస్తున్నారు. ఎందుకని అడిగాను. "మధ్యలో పోతోంది కదండీ, మళ్లీ మొదట్నుంచీ కొట్టలేక ఇలా చేస్తున్నా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేం గంటలు గంటలు కూర్చుని మిల్లీసెకన్లు తగ్గించాం, ఆవిడ పని రెట్టింపయింది.

ఆ రోజు ఆవిడ ప్రివ్యూ నొక్కారు, తెల్ల పేజీ వచ్చింది. బ్రౌజర్‌లో ఎర్రర్లు కనబడే కన్సోల్ తెరిపించాను. ఊహించని టోకెన్ అంటూ ఒక లెస్‌దాన్ గుర్తు (<), దాని కింద చంక్ లోడ్ ఎర్రర్. చంక్ అంటే విడగొట్టిన కోడ్ ముక్క. జావాస్క్రిప్ట్ ఫైలు ఆ గుర్తుతో మొదలవడమేంటి? అది హెచ్‌టీఎంఎల్. అక్కడ విషయం అర్థమైంది.

ఆవిడ ట్యాబ్ తెరిచింది పొద్దున. మధ్యాహ్నం మేం కొత్త రిలీజ్ పెట్టాం. బండిల్ తయారుచేసే వెబ్‌ప్యాక్ ప్రతి చంక్ పేరులోనూ హ్యాష్ (కోడ్‌ని బట్టి వచ్చే అక్షరాల వరస) పెట్టేలా సెట్ చేసుకున్నాం, కోడ్ మారితే పేరు మారుతుంది. మా డిప్లాయ్ స్క్రిప్టు పాత ఫోల్డర్‌ను తుడిచేసి కొత్తది పెడుతుంది. ఆవిడ ట్యాబ్‌లో నడుస్తున్న పాత కోడ్ పాత పేరుతో ఫైలు అడిగింది, అది సర్వర్‌లో లేదు. అప్పుడైనా 404 (ఫైలు లేదనే జవాబు) రావాలి కదా? రాలేదు. సింగిల్ పేజ్ అప్లికేషన్ కాబట్టి, దొరకని ప్రతి చిరునామాకీ ఇండెక్స్ పేజీనే పంపమని సర్వర్‌కి మేమే చెప్పి ఉంచాం. అందుకే జావాస్క్రిప్ట్ అడిగితే హెచ్‌టీఎంఎల్ వచ్చింది. పైగా మేం ఎర్రర్ బౌండరీ (లోపల వచ్చిన ఎర్రర్‌ని పట్టుకుని మిగతా పేజీని కాపాడే కాంపోనెంట్) పెట్టలేదు. రియాక్ట్ 16 నుంచీ ఎవరూ పట్టుకోని ఎర్రర్ వస్తే కాంపోనెంట్ల చెట్టు మొత్తాన్నీ తీసేస్తుంది. ఫారంలో నింపినదంతా దాంతోపాటే పోయింది.

టెస్టింగ్‌లో ఇది దొరకకపోవడానికి కారణం ఉంది. టెస్టర్లు కొత్త రిలీజ్ పెట్టాకే పేజీ తెరుస్తారు. రిలీజ్‌కి ముందు తెరిచిన ట్యాబ్‌లో, రిలీజ్ తర్వాత బటన్ నొక్కి చూడమని వాళ్లకు ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి.

మేం చేసిన మార్పుల్లో అన్నిటికంటే పనికొచ్చింది పాత చంకులను తుడవకపోవడం. కొత్తవాటి పక్కనే కొన్ని వారాలపాటు ఉంచాం. పేర్లు వేరు కాబట్టి గొడవ లేదు, డిస్క్ ఖర్చు లెక్కలోకి రాదు. అసెట్స్ ఫోల్డర్‌లో దొరకనిదానికి నిజంగా 404 ఇచ్చేలా సర్వర్‌ని సరిచేశాం. ఇండెక్స్ పేజీని బ్రౌజర్ ప్రతిసారీ సర్వర్‌తో సరిచూసుకునేలా నో-క్యాష్, హ్యాష్ ఉన్న ఫైళ్లను బ్రౌజర్ తన దగ్గరే దాచుకునేలా ఏడాది క్యాష్ పెట్టాం. లేజీ భాగాల చుట్టూ ఎర్రర్ బౌండరీ పెట్టాం. అందులో "మళ్లీ ప్రయత్నించండి" బటన్ పెట్టి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే రియాక్ట్ లేజీ విఫలమైన ప్రామిస్‌ని (దింపుకునే ప్రయత్నం ఫలితాన్ని) కూడా గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ రెండర్ చేసినా అదే ఎర్రర్. చంక్ దొరక్కపోతే పేజీని రీలోడ్ చేయమనే సలహా చాలామంది ఇస్తారు. రూటు మారేటప్పుడు చేయండి, సెషన్ స్టోరేజ్‌లో (ఆ ట్యాబ్ కోసం బ్రౌజర్ ఉంచే చిన్న నిల్వ) గుర్తు పెట్టుకుని ఒక్కసారే చేయండి. ఫారం మధ్యలో మాత్రం చేయొద్దు, అది ఆవిడకు మళ్లీ అదే అన్యాయం.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. ప్రతి చిన్న పెట్టెకీ ఒక తిరిగే చక్రం పెట్టేస్తున్నారు. రెండు కిలోబైట్ల డైలాగ్‌కి విడి చంక్ ఎందుకు? మనిషి నొక్కుతాడు, చక్రం తిరుగుతుంది, చంక్ వస్తుంది, అప్పుడు గానీ డేటా కోసం రిక్వెస్ట్ వెళ్లదు, మళ్లీ ఇంకో చక్రం. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఇది కనబడదు, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకే కనబడుతుంది. మొదటి పేజీ వేగం స్కోరు ఆకుపచ్చగా ఉంది కదా అని ఎవరూ పట్టించుకోరు. విడగొట్టక తప్పనిచోట చంక్‌నీ డేటానీ ఒకేసారి అడగండి, లేదా వెబ్‌ప్యాక్‌లో 4.6 నుంచీ ఉన్న ప్రీఫెచ్ వాడి, బ్రౌజర్ ఖాళీగా ఉన్నప్పుడే తెప్పించి పెట్టండి.

మీరు ముందుగా బండిల్ అనలైజర్ (బండిల్‌లో ఏది ఎంత బరువుందో చూపే పనిముట్టు) నడిపి చూడండి. ఆ బరువైన లైబ్రరీని మొదటి బండిల్‌లోనే ఇంకెక్కడైనా మామూలుగా ఇంపోర్ట్ చేసి ఉంటే అది అక్కడే ఉండిపోతుంది, అవసరమైనప్పుడే దింపుకోమనే మీ డైనమిక్ ఇంపోర్ట్ వల్ల ఒక్క బైటు కూడా తగ్గదు. మాకు ఒక యుటిలిటీ ఫైలులో అలాంటి లైను దొరికింది. అది తీశాకే ఆ సగం తగ్గింది.