మిషిగన్ జీలాండ్‌లో తెల్ల అంచుల ఎర్ర ఇటుక ఇళ్లు ఎవరు కట్టారు? అలాంటిది కొనొచ్చా?

ఉద్యోగం మీద కొత్తగా జీలాండ్ వచ్చానన్నారు. అక్కడి పాత ఎర్ర ఇళ్లకి మూలల్లో, కిటికీల పైన తెల్ల ఇటుకలు ఎందుకున్నాయని, అలాంటి ఇల్లు కొనొచ్చా అని అడిగారు. నేను పక్కనే హాలండ్ అనే ఊళ్లో ఉంటున్నాను. మా నాన్నగారికి కోనసీమలో ఇటుక బట్టీ ఉండేది. అందుకే ఈ ఇళ్లంటే నాకు మొదటినుంచీ పిచ్చి.

ఆ ఇటుకల్లో చాలావరకు వెనెక్లాసెన్ కుటుంబం చేసినవే. 1840ల్లో నెదర్లాండ్స్‌లో బంగాళాదుంపకి తెగులు పట్టి పేదల తిండి పోయింది. 1834లో అధికారిక చర్చి నుంచి విడిపోయినవాళ్లకి జరిమానాల బాధ కూడా ఉండేది. అలాంటి జనం 1847లో వాన్ రాల్టె పాస్టర్ గారి వెంట వచ్చి హాలండ్, వాన్ డెర్ మ్యూలెన్ గారి వెంట వచ్చి జీలాండ్ కట్టుకున్నారు. వెనెక్లాసెన్‌లూ ఆ ఏడాదే వచ్చారు. తండ్రి యాన్ హెండ్రిక్, కొడుకు బెరెండ్ 1848లో ఈ రెండూళ్ల మధ్య గ్రోనింగెన్ అనే పల్లెలో ఇటుకలు మొదలుపెట్టారు.

చుట్టూ అడవి, జనం దుంగల గుడిసెల్లో ఉన్నారు. అప్పుడు ఇటుకలు ఎవరు కొంటారు? నా అంచనాలో ముందు పొగగొట్టాలకీ, బావులకీ అమ్ముడుపోయి ఉంటాయి. బట్టీకి కట్టెల కొరత మాత్రం లేదు, పొలాల కోసం ఎలాగూ చెట్లు కొట్టాల్సిందే. మా ఊళ్లో వానొస్తే పని ఆగేది. ఇక్కడ చలే శత్రువు. పచ్చి ఇటుకలోని నీరు గడ్డకడితే పగిలిపోతుంది కాబట్టి ఏడాది పనంతా వెచ్చటి నెలల్లోనే ముగించాలి.

ఇక రంగు సంగతి. ఆ తెలుపు సున్నం పూత కాదు, మట్టి గుణం. మట్టిలో ఇనుము ఉంటే కాల్చాక ఎర్రగా వస్తుంది. సున్నపు పాలు ఎక్కువగా ఉంటే అదే ఇనుము ఎరుపు తేలదు, వెన్న రంగు వస్తుంది. ఈ ప్రాంతపు మట్టి హిమానీనదాలు సున్నపురాళ్లని నూరి తెచ్చి పోసింది. పై పొరల్లో సున్నం వేల ఏళ్ల వానలకి కడుక్కుపోతుంది, లోతున మిగులుతుంది. అందుకే ఈ సరస్సుల ప్రాంతంలో చాలాచోట్ల ఒకే గుంటలో రెండు రంగులూ దొరుకుతాయి. రాయి పెద్దగా దొరకని నెదర్లాండ్స్‌లో రెండు రంగుల ఇటుకతో గోడ అలంకరించడం పాత అలవాటు. ఆ అలవాటుకి సరిపడే మట్టి ఇక్కడ దొరికింది. మూలల్లో పళ్లచక్రంలా తెల్లవి, ఎర్రవి మార్చి మార్చి పేర్చారు చూడండి, ఆ మేస్త్రీల చేతికి దండం పెట్టాలి.

1871 అక్టోబర్‌లో, షికాగో తగలబడిన రాత్రే, హాలండ్‌లోనూ చాలా భాగం కాలిపోయింది. చెక్క ఇల్లు కాలిపోయినవాడికి ఇటుక విలువ వేరే చెప్పాలా? ఆ తర్వాతి దశాబ్దాల్లో బెరెండ్, అతని కొడుకులు జీలాండ్, హామిల్టన్ వంటి చోట్ల బట్టీలు నడిపారు. 20వ శతాబ్దంలో సిమెంటు వాడకం పెరిగింది, అభిరుచులూ మారాయి. వ్యాపారం మూతపడింది. యజమానుల పేర్లు మనకి తెలుసు. అచ్చులు పోసిన కూలీల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు, బట్టీ ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి అది నన్ను బాధిస్తుంది.

కొనొచ్చు, తప్పకుండా కొనండి. కానీ ముందు ఇటుకల మధ్య అతుకులు చూడండి. ఈ పాత ఇటుక మెత్తన, దానికి సున్నం గచ్చే సరిపోతుంది. ఎవరైనా గట్టి సిమెంటుతో అతుకులు నింపి ఉంటే చెమ్మ బయటికి పోలేక చలికాలంలో ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. మా వీధిలో ఒక ఇంటికి అదే జరిగింది. ఇసుక కొట్టి శుభ్రం చేస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు, కాలినప్పుడు ఏర్పడిన పై తోలు ఊడిపోతే ఇటుక నీళ్లు తాగేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లి చూపించాకే బేరం మాట్లాడండి.