కొత్త సీళ్లు, ప్యాకింగ్‌లు వేసినా ఆయిల్ ఎందుకు కారుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: పాత ఫోర్-స్ట్రోక్ బండి ఇంజిన్ మొత్తం విప్పి కట్టారు. సీళ్లు, ప్యాకింగ్‌లు అన్నీ కొత్తవే. అయినా టైమింగ్ కవర్ కింద, కిక్ షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారుతోంది. మళ్ళీ విప్పి ఈసారి సిలికాన్ దట్టంగా పట్టిస్తే ఆగుతుందా అని.

ఆగదండి. ఆగినా నాలుగు రోజుల ముచ్చటే. పాత ఇంజిన్లు విప్పి కట్టడం నాకు చాలా ఏళ్ల పిచ్చి. నేను చూసినంతలో కారడానికి ప్యాకింగ్ కారణమయ్యేది తక్కువ. అది కూర్చునే అల్యూమినియం ముఖమో, సీల్ లిప్ (లోపలి రబ్బరు అంచు) రాసుకునే షాఫ్టో, లోపలి గాలి బయటికి పోయే బ్రీదరో బాగోలేకపోతే ఎంత మంచి ప్యాకింగ్ వేసినా వృథా.

షాఫ్ట్ సంగతి ముందు చెప్తాను, దాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి. ఏళ్ల తరబడి సీల్ ఒకే చోట రాసుకుంటే స్టీలు మీద కూడా సన్నటి గాడి పడుతుంది. చూడ్డానికి మెరిసే గీతంతే. గోరుతో షాఫ్ట్ పొడుగునా గీసి చూడండి, ఆ గీత దగ్గర గోరు తట్టిందంటే కొత్త సీల్ కూడా అక్కడ నిలవదు. గూడులో చోటుంటే సీల్‌ని ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి, లిప్ అరగని చోట పడుతుంది. వెనక ఆయిల్ రంధ్రం ఉంటే అది మూసుకుపోకూడదు సుమా. గాడి లోతుగా ఉంటే షాఫ్ట్ మీద తొడిగే పల్చటి స్టీల్ స్లీవ్‌లు దొరుకుతాయి. మందం పావు మిల్లీమీటరు ప్రాంతంలోనే ఉంటుంది, అందుకే సీల్ సైజు మార్చే పనిలేదు. తుప్పు మచ్చలుంటే నున్నటి ఎమ్రీ పేపర్‌ని షాఫ్ట్ చుట్టూ తిప్పుతూ రుద్దాలి. పొడుగునా రుద్దితే పడే ప్రతి గీతా ఆయిల్‌కి కాలువే.

సీల్ మీద 25×40×7 అని ఉంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మి.మీ.లలో. ఇవి కలిసి, రబ్బరు రకం సరిపోతే చాలు, బండి పేరున్న డబ్బాలోదే కావాలని లేదు. దశాబ్దాలుగా అరలో పడున్న ‘ఒరిజినల్’ కంటే ఈమధ్య తయారైన మామూలు సీలే నయం. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది మరి. క్రాంక్ షాఫ్ట్ దగ్గర నేను వైటన్ రబ్బరు సీల్ వేస్తాను, 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మామూలు నైట్రైల్ రబ్బరు 100 దాటిన వేడిలో త్వరగా బిగుసుకుపోతుంది గానీ, కిక్ షాఫ్ట్‌కీ గేర్ షాఫ్ట్‌కీ అది చాలు.

స్ప్రింగ్ కనిపించే వైపు ఆయిల్ వైపుకి ఉండాలి. లిప్‌కి గ్రీజు రాయకుండా ఎక్కించొద్దు, మొదటి కిక్కుల్లోనే పొడిగా రాసుకుని కాలుతుంది. కిక్ షాఫ్ట్ దగ్గర ఇంకో గొడవుంది. స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఉండే గాళ్ల పళ్లు) మీదుగా సీల్‌ని నెట్టేటప్పుడు ఆ పళ్లు లిప్‌ని కోసేస్తాయి. వెంట్రుకంత కోత, మన కంటికి ఆనదు, ఆయిల్‌కి దొరుకుతుంది. స్ప్లైన్లకి పల్చటి ప్లాస్టిక్ చుట్టి మెల్లగా తిప్పుతూ దించండి. తర్వాత సీల్ బయటి వ్యాసానికి కాస్త తక్కువ సైజు సాకెట్ పెట్టి నాలుగువైపులా సమానంగా దిగేలా కొట్టాలి. కింద చెప్పే బ్రీదర్ బాగానే ఉంటే, మీ కిక్ షాఫ్ట్‌లో జరిగింది ఈ కోతే అయ్యుంటుందని నా అనుమానం. అదీ కాకపోతే షాఫ్ట్‌ని పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. ఊగుతోందంటే షాఫ్ట్ తిరిగే బుష్ అరిగింది. అది మార్చకుండా ఏ సీల్ వేసినా దండగ.

ఇక కవర్. పాత బండి కవర్లని ఎవరో ఒకరు ఎప్పుడో స్క్రూడ్రైవర్ దూర్చి లేపే ఉంటారు. ఆ గాటు పక్కన అల్యూమినియం మిట్టలా లేస్తుంది, స్క్రూ రంధ్రాల చుట్టూ కూడా అంతే. మందపాటి అద్దం మీద 400 నంబర్ వెట్ పేపర్ పరిచి, నీళ్లు చల్లి, కవర్‌ని ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ రుద్దండి. కాసేపటికి మిట్టలు మెరుస్తాయి, పల్లాలు మసకగా మిగిలిపోతాయి. ముఖమంతా ఒకే రంగు వచ్చేదాకా ఆపొద్దు. స్ట్రెయిట్ ఎడ్జ్ (నిటారు స్టీల్ పట్టీ) పెడితే 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ రేకు దాని కింద దూరకూడదు. రుద్దిన పొడి ఒక్క రేణువు కూడా లోపలికి పోకుండా కడగాలి.

సిలికాన్ మీద నాకున్న కోపం వేరే. వంకర గోడకి సున్నం మెత్తినట్టే అది. పైగా బిగించినప్పుడు బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. ఆ తునక ఊడి ఆయిల్ దారిలో ఇరుక్కుంటే బేరింగులే పోతాయి. నేను కాగితం ప్యాకింగ్‌కి పల్చగా గ్రీజు రాసి ఊరుకుంటాను. ఇంట్లో కత్తిరించుకుంటే పాతదాని మందమే ఉండాలి, ఎందుకంటే కొన్ని ఇంజిన్లలో షాఫ్ట్ ఎండ్ ప్లే (షాఫ్ట్ అటూ ఇటూ జరిగే సందు) దానిమీదే ఆధారపడుతుంది. ఎండి ముడుచుకున్న ప్యాకింగ్‌ని కాసేపు తడిగుడ్డలో ఉంచితే సైజుకొస్తుంది. స్క్రూలు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి.

అయితే ఇవన్నీ విప్పాక చేసేవి. ముందు బ్రీదర్ పైపు ఊడదీసి ఊదండి. పిస్టన్ దిగినప్పుడల్లా క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతుంది, బ్రీదర్ మూసుకుపోతే అది ఆయిల్‌ని ఎక్కడ సందుంటే అక్కడినుంచి తోస్తుంది. రెండు చోట్ల ఒకేసారి కారుతోందంటున్నారు కాబట్టి నాకు మొదటి అనుమానం దానిమీదే. శుభ్రం చేశాక ఇంజిన్‌ని పెట్రోలుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానమున్న చోటంతా టాల్కం పౌడర్ చల్లి కాసేపు నడపండి. పౌడర్ అన్నిటికన్నా పైన, మొదట ఎక్కడ తడిసిందో అదే అసలు చోటు, కింద కనిపించేదంతా అక్కణ్నుంచి జారిందే. ఆ ఫొటో పెట్టండి, కవర్ విప్పాలా వద్దా అప్పుడు చెప్తాను.