యోమ్ కిప్పూర్ సెలవు ఇచ్చినా ఆ తల్లి ఎందుకు ఒప్పుకోలేదంటే

మీ క్లాసులో చదివే యూదుల అమ్మాయికి యోమ్ కిప్పూర్ (యూదుల ఉపవాస పండగ) కోసం సోమవారం సెలవు ఇచ్చినా వాళ్ళమ్మ ఎందుకు ఒప్పుకోలేదని అడిగారు కదా. సమస్య సోమవారం సెలవు కాదు మేడమ్, ఆదివారం రాత్రి 11:59కి మీరు పెట్టిన అసైన్‌మెంట్ గడువు, మంగళవారం పొద్దున్నే పెట్టిన మ్యాథ్స్ టెస్ట్.

మనం తిథికి సూర్యోదయం చూస్తాం, యూదులకి ముందురోజు పొద్దు గుంకగానే పండగ మొదలు. 2026లో క్యాలెండర్‌లో సెప్టెంబర్ 21 అనే ఉంటుంది, కానీ 20 సాయంత్రం నుంచి 21న చీకటి పడేదాకా దాదాపు 25 గంటలు ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టరు, ఆచారం గట్టిగా పాటించే ఇళ్ళలో పెన్ను పట్టరు, ల్యాప్‌టాప్ తెరవరు. ఇక ఆ పిల్ల ఎప్పుడు చదువుకోవాలి చెప్పండి?

1. గడువుని పండగ తర్వాతికి మార్చండి. టెస్ట్ బుధవారమో గురువారమో పెట్టండి, వీలైతే క్లాసు మొత్తానికీ, అప్పుడు ఆ పిల్ల ఒక్కతే వేరుగా కనిపించదు.

2. మీది న్యూజెర్సీ కాబట్టి తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా నోట్ తీసుకోండి. అక్కడి చట్టం ప్రకారం మతపరమైన పండగకి రానివాళ్ళకి రాయలేకపోయిన పరీక్షని తర్వాత రాసే హక్కు ఉంది, ఆ కారణంగా అవార్డులకి అర్హత పోకూడదు. పర్ఫెక్ట్ అటెండెన్స్ సర్టిఫికెట్ ఇస్తుంటే ఇది తప్పకుండా చూడండి.

3. మిగతా పండగల గురించి ఊహించకుండా ఇంట్లోవాళ్ళనే అడగండి. రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం) కొందరు ఒకరోజు, కొందరు రెండు రోజులు చేస్తారు. 2027లో పాస్‌ఓవర్ (యూదుల వసంతకాలపు పండగ) ఏప్రిల్ 21 సాయంత్రం మొదలు, 22, 23 గురు, శుక్రవారాలు, ఇప్పుడే రాసిపెట్టుకోండి.