ట్యాలీ వచ్చిన అమ్మాయికి స్క్రీన్ రికార్డింగులు ఉపాధి అవుతాయా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీకాం చేసి ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తోంది. ఊళ్లో వాళ్ల పెదనాన్నకు ఎరువుల కొట్టు ఉంది. అక్కడి కుర్రాడికి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కించడం రాకపోతే, కంప్యూటర్ తెరను రికార్డు చేస్తూ మాటలతో చెప్పి వీడియోలు పంపింది. ఇప్పుడు పక్క కొట్లవాళ్లూ అడుగుతున్నారట. ఉద్యోగం మానేసి ఇదే చేస్తానంటోంది. మార్తహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వీడియో ఎడిటింగ్ కోర్సుకు రూ.35,000 అడుగుతున్నారు. కట్టమంటారా? ఈ పనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, ఆ డబ్బు ఇప్పుడు కట్టొద్దు. ఉద్యోగం మానడమూ వద్దు. వీడియోలు మాత్రం ఆపనివ్వకండి.

ఎడిటింగ్ వచ్చినవాళ్లు బెంగళూరులో వీధికి పదిమంది దొరుకుతారు. పర్చేజ్ ఎంట్రీ (సరుకు కొన్న లెక్క ఎక్కించడం) ఎక్కడ తప్పుతుందో, జీఎస్టీ లెక్క ఎందుకు కలవదో తెలిసి, దాన్ని కొట్టులో కూర్చున్న కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆ తెలివి అమ్మాయికి ఆడిటర్ ఆఫీసులోనే అబ్బింది. జనం చేసే తప్పులు రోజుకొకటి కళ్లబడేది అక్కడే. ఆ కుర్చీ వదిలేస్తే కొన్నాళ్లకు చెప్పడానికి కొత్త సంగతులు ఉండవు.

సామగ్రికి పెద్ద ఖర్చు లేదు. తెరను రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో పూర్తిగా ఉచితం, 2012 నుంచి ఉంది, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. రికార్డింగును ఎంకేవీ ఫార్మాట్‌లో పెట్టుకోమనండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయినది దక్కుతుంది. తర్వాత అందులోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు. గొంతు సరిచేసుకోవడానికి ఆడాసిటీ ఉంది, అదీ ఉచితమే. ఖర్చు పెట్టాలనుకుంటే ఒక మంచి మైకు కొనిపెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు గానీ, మాట సరిగా వినపడకపోతే అరనిమిషంలో ఆపేస్తారు. మీవైపు టిన్ ఫ్యాక్టరీ కూడలిలో బండ్ల హారన్లు పగలంతా ఆగవు కాబట్టి రాత్రిపూట, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి రికార్డు చేసుకోమనండి.

ఇక అసలు నేర్చుకోవలసినది. ట్యాలీ ఎక్కువగా కీబోర్డు మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఎఫ్9 నొక్కి పర్చేజ్ వోచర్ తెరిచారనుకోండి. సరుకు పంపిన పార్టీ పేరు లిస్టులో లేదు. చేయి తిరిగినవాళ్లు ఆల్ట్, సీ కలిపి నొక్కి అక్కడికక్కడే ఆ పార్టీ పేరున కొత్త లెడ్జర్ (ఖాతా) తెరిచేస్తారు. చూసేవాడికి ఆ కీలు కనపడవు కదా! వాడికి కనిపించేది ఎక్కడినుంచో ఊడిపడిన ఒక ఫారం. అక్కడే బెంబేలెత్తి వెనక్కి తిప్పుకుంటాడు. అందుకే ముందు మాట, తర్వాత చేయి. 'ఇప్పుడు ఆల్ట్ పట్టుకుని సీ నొక్కుతున్నా' అని చెప్పి, ఒక క్షణం ఆగి, అప్పుడు నొక్కాలి. కొత్త తెర వచ్చాక మళ్లీ ఆగాలి. నొక్కిన కీలను తెర మీద చూపించే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాడుకోవచ్చు. కానీ పాస్‌వర్డ్ కొడితే అవి దాన్నీ చూపించేస్తాయి. లాగిన్ అయ్యాకే వాటిని ఆన్ చేయాలి.

ఆ కుర్రాడు చూసేది ఫోన్‌లో. రికార్డింగుకు ముందు తెర రిజల్యూషన్ 1280×720కి తగ్గిస్తే అక్షరాలు పెద్దవిగా పడతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోయి అంకెలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఒక్క విషయం మీరే గట్టిగా చెప్పాలమ్మా. ట్యాలీలో ఆఫీసు క్లయింట్ల లెక్కలున్న కంపెనీ తెరిచి రికార్డు చేయకూడదు, పేర్లు చెరిపినా సరే. ఒకరి అమ్మకాల లెక్క ఇంకొకరి ఫోన్‌లోకి వెళ్తే అమ్మాయి ఉద్యోగమే కాదు, ఆడిటర్‌గారి పరువూ పోతుంది. పేరు చెరిపినా జీఎస్టీ నంబరు కనపడితే చాలు: అందులో 15 అక్షరాలుంటే మధ్యలో 10 ఆ మనిషి పాన్ నంబరేనని చాలామందికి తట్టదు. ట్యాలీప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉచితంగా తెరవవచ్చు. నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది, నేర్పడానికి అది సరిపోతుంది. ఉత్తుత్తి కంపెనీ ఒకటి సృష్టించుకుని, అన్ని వీడియోలకూ దాన్నే వాడాలి.

ఈ పనిని పద్ధతిగా ఎలా చేస్తారో చూడాలంటే ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు చూడమనండి. పది నిమిషాల పాఠాలు. ముందు స్క్రిప్టు రాసుకుంటారు, ఆ సాఫ్ట్‌వేర్ తెలియనివాళ్ల చేత పరీక్ష చేయిస్తారు, ఆ తర్వాతే రికార్డింగు. ఒకే పాఠానికి తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో గొంతు మారుస్తారు. అమ్మాయికి కన్నడ కూడా వచ్చే ఉంటుంది. తెరను ఒకసారి రికార్డు చేసి, మాటలు విడిగా చెప్పుకుంటే ఒకే వీడియో మదనపల్లెకూ పనికొస్తుంది, కోలారుకూ పనికొస్తుంది. మీరు ట్యాలీ ఎరగకపోతే ఆ పరీక్షకు మీరే కూర్చోండి. అమ్మాయి మీ వెనక నిలబడి నోరు మెదపకుండా చూడాలి. మీరు ఎక్కడ ఆగి వెనక్కి తిప్పారో అక్కడ వీడియో మార్చాలి.

భవిష్యత్తు సంగతి. కొట్లవాళ్ల దగ్గర వచ్చే నాలుగు రూకలతో సంసారం నడవదు. కానీ ఈ నేర్పుకు జీతమిచ్చే కొలువులు ఉన్నాయి. ట్యాలీ సొల్యూషన్స్ కంపెనీ పుట్టిందీ ఉన్నదీ బెంగళూరులోనే, 1986 నుంచి. చెన్నైలో జోహో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఇలాంటి కంపెనీలకూ, వాటి సాఫ్ట్‌వేర్ అమ్మే పార్ట్‌నర్లకూ కస్టమర్లకు నేర్పే మనుషులు కావాలి. ప్రొడక్ట్ ట్రైనర్, ఇంప్లిమెంటేషన్, కస్టమర్ ఎడ్యుకేషన్, ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అనే పేర్లతో ప్రకటనలు వెతకమనండి. చాలాచోట్ల ఇంగ్లిష్‌లోనూ చెప్పమంటారు, ఆ సాధన ఇప్పుడే మొదలుపెట్టాలి.

దరఖాస్తుకు మూడు వీడియోలు చాలు: పర్చేజ్ ఎంట్రీ తెలుగులో ఒకటి, అదే కన్నడలో ఒకటి, బ్యాంకు రీకన్సిలియేషన్ (మన లెక్కను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం) ఇంగ్లిష్‌లో ఒకటి. ఏదీ ఐదు నిమిషాలు దాటకూడదు. ప్రతిదాని కింద అది ఎవరికోసం చేసిందో, చూశాక వాళ్లు ఏ పని సొంతంగా చేసుకోగలిగారో రెండు వాక్యాలు రాయాలి. ఆ లింకులు రెజ్యూమెలో బీకాం మార్కుల కంటే పైన ఉండాలి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక ఆడిటర్‌గారికి నోటీసు ఇవ్వవచ్చు, అప్పటిదాకా సాయంత్రాలు చాలు.